జలాలు చెట్టుకి సున్నం

మదార్‌బీ అంటే ఊళ్లో సగం మందికి భయం, మిగతా సగం మందికి అవసరం. భయం ఆవిడ నోటికి, అవసరం ఆవిడ మామిడికాయలకి. జగ్గయ్యపేట నుంచి నందిగామ వెళ్లే దారిలో హైవే దిగి లోపలికి వస్తే ఆ ఊరు. ఊరి చివర ఎర్రనేలలో వాళ్ల తోట. చెట్లన్నీ పెద్దరసాలే, గేటు పక్కన మాత్రం ఒకే ఒక్క జలాలు చెట్టు. జలాలు కాయ సంగతి తెలీని వాళ్లుంటే చెప్తున్నా, వినండి. దాంతో ఆవకాయ పెడితే మళ్లీ వేసవి వచ్చినా ముక్క మెత్తబడదు. అందుకే ఎండలు ముదిరాయంటే మైలవరం నుంచి కూడా సంచులు పట్టుకుని దిగుతారు జనం. "బీబమ్మగారూ, మాకో గంప ఉంచండమ్మా" అని బతిమాలతారు. ఆవిడకి మనసైతే ఉంచుద్ది, లేకపోతే గేటు దాకా సాగనంపుద్ది.

తోట మొగుడిదే గానీ ఆ చెట్టు మాత్రం ఆవిడదే. నిఖా నాడు మెహరు కింద ఏమిస్తారని కాజీగారు అడిగితే, మామగారు కాసేపు నీళ్లు నమిలి, "తోటలో జలాలు చెట్టు మా కోడలికి" అన్నాడట. పందిట్లో జనం పగలబడి నవ్వారట. కాజీగారు నవ్వలేదు, అలాగే రాసుకున్నారు. మెహరంటే మొగుడు పెళ్లానికి ఇచ్చుకునే సొత్తు. ఇచ్చాక అది ఆవిడది, దాని మీద ఇంకెవరికీ పెత్తనం లేదు. ఆడపిల్లలకి పొలాలు రాసిచ్చిన షావుకార్లని కూడా చూశాం, మళ్లీ సంతకాలు పెట్టించుకుని లాక్కున్నారు. ఈ చెట్టుని మాత్రం ఎవరూ లాక్కోలేదు. మదార్‌బీ దాన్ని కళ్లల్లో పెట్టుకుని చూసుకుంది.

మొగుడు అల్లాబక్ష్ సున్నాలు వేస్తాడు. నోట్లో నాలుక లేని మనిషి, చేతిలో కుంచె ఉంటే మాత్రం మారాజు. మసీదు మినారుకీ, పాస్టరు డేవిడ్‌రాజు గారి చర్చి గోడకీ, రామాలయం ప్రాకారానికీ ఊళ్లో ఒకే చేతి తెలుపు, అది ఆయన చెయ్యే. "గోడకి సున్నం వేస్తే పాలు పోసినట్టుండాలి" అనేవాడు. ఉండేది కూడా.

అలాంటి ఇంట్లో, ఆ చెట్టుకి పురుగు పట్టింది. ఆకు మీద పాకే పురుగైతే దులిపేయొచ్చు. ఇది అది కాదు. మీసాలు పొడుగ్గా ఉన్న పెంకుపురుగు ఒకటి వానాకాలంలో వచ్చి బెరడు పగుళ్లలో గుడ్లు పెట్టి తన దారిన తను పోద్ది. లోపల పుట్టిన పిల్లపురుగు బొటనవేలంత లావయ్యేదాకా మాను లోపలే కాపురం పెట్టి చెక్క తినుకుంటా పోద్ది. మనకి పైకి కనపడేదల్లా మొదట్లో రాలిన రంపప్పొట్టు. చెట్టు పచ్చగానే ఉంటది, ఒక వేసవిలో ఉన్నట్టుండి కొమ్మ వాడిపోద్ది. అప్పటికి లోపలంతా డొల్ల.

అల్లాబక్ష్ అందరూ చేసే పనే చేశాడు. కన్నంలో తీగ పెట్టి కెలికి, పురుగుమందులో ముంచిన దూది కుక్కి, బంకమట్టితో మూశాడు. మొహానికి గుడ్డన్నా కట్టుకోలేదు. ఎండ, ఆ ఘాటు, ఖాళీ కడుపు. చెట్టు కిందే నురగలు కక్కుకుని పడిపోయాడు. నందిగామ ఆస్పత్రిలో కళ్లు తెరిచాక అడిగిన మొదటి మాట, "పురుగు చచ్చిందా?" అని. మదార్‌బీకి ఏడవాలో తిట్టాలో తెలీక రెండూ చేసింది. ఇంటికొచ్చాక మందు డబ్బాలన్నీ తీసి బయట పారేసి, "ఇక ఈ కంపు నా గుమ్మం తొక్కితే మనిద్దర్లో ఒకరే ఉంటాం ఈ ఇంట్లో" అని తేల్చి చెప్పింది.

మరి చెట్టు సంగతేంటి? ఆ మాట అడగటానికే ఆవిడ తోటల ఆఫీసుకి వెళ్లింది. అక్కడ దొరికింది నీహారిక. కాంట్రాక్టు ఉద్యోగంలో కొత్తగా చేరిన పిల్ల, స్కూటీ మీద తిరుగుద్ది, రైతు ఏదన్నా అడిగితే విసుక్కోకుండా చెప్పుద్ది. ఆఫీసుల్లో అలాంటి వాళ్లు ఎప్పుడన్నా తగులుతారు, ఎక్కువకాలం ఉండనివ్వరు.

మర్నాడే నీహారిక తోటకొచ్చింది. చేతిలో తెల్లటి పొడి ప్యాకెట్టు. "ఇది మందు కాదమ్మా, బూజు. బవేరియా అంటారు. పురుగు ఒంటికి అంటుకుంటే మొలకెత్తి లోపలికి దిగి, లోపల్నించి తినేస్తుంది. మనుషుల్నీ చెట్టునీ ఏం చెయ్యదు."

"బూజు పట్టిన రొట్టె చూసా గానీ బూజు పట్టిన పురుగుని ఎప్పుడూ చూళ్లేదమ్మాయ్."

"చూపిస్తాగా" అంది నీహారిక.

పొడిని నీళ్లలో కలిపి, కన్నాల్లోకి ఇంజెక్షన్ సిరంజితో ఎక్కించి, తడిమట్టి పెట్టారు. అది లోపలున్న పురుగుకి. ఇక బయట్నించి వచ్చే పెంకుపురుగుల కోసం, అదే నీళ్లలో గోనెపట్టీలు నానబెట్టి తోటలో ప్రతి చెట్టుకీ మొదలు చుట్టూ కట్టారు. గుడ్లు పెట్టడానికి మాను మీద తిరిగే పురుగు ఆ పట్టీ దాటకుండా పోదు, దాటితే బూజు అంటించుకోక తప్పదు. "మహత్తు ఏం కాదమ్మా, మెల్లగా పనిచేస్తుంది" అని ముందే చెప్పింది నీహారిక. "బూజంటే ప్రాణమున్న సరుకు. పట్టీలు ఆరిపోకూడదు. సున్నం, మైలుతుత్తం దగ్గరికి రానివ్వకండి. చెట్ల తెగుళ్లకి అవి పూసేదే బూజు చావడానికి. తెగులు బూజేదో మన బూజేదో వాటికి తెలీదు."

మదార్‌బీ రోజూ పొద్దున్నే చెంబు పట్టుకుని పట్టీ పట్టీకీ నీళ్లు చిలకరించేది. తొలకరి వానలు పడ్డాయి. ఒకరోజు జలాలు చెట్టు మొదట్లో పెంకుపురుగు ఒకటి వెల్లకిలా పడుంది. కీళ్ల సందుల్లోంచి తెల్లగా దూది పొంగినట్టు బూజు. ఆవిడ దాన్ని మందారాకులో పెట్టుకుని వీధంతా తిప్పింది. "చూడండర్రా, కఫన్ గుడ్డ చుట్టుకుని మరీ పోయింది ముదనష్టపుది!" అని కనపడ్డ ప్రతి మనిషికీ చూపించింది. తర్వాత ఇంకొన్ని పడ్డాయి. చెట్టు మొదట్లో పొట్టు రాలటం ఆగిపోయింది. అల్లాబక్ష్ ఆ మట్టి మీద వేలు రాసి చూసుకుని, పిల్లాడిలా నవ్వాడు.

ఇంతవరకూ బాగానే ఉంది. బాగున్న చోటికే వస్తారు కదా పెద్దమనుషులు.

నీహారిక పైన ఆఫీసరు కిషోర్‌బాబు. అంతకుముందు ఒక్కసారన్నా ఆ తోట మొహం చూసిన పాపాన పోలేదు. పురుగులు చస్తున్నాయని తెలియగానే ఫ్లెక్సీ బోర్డు చంకన పెట్టుకుని దిగాడు. 'శిలీంద్రంతో కాండం తొలుచు పురుగు నివారణ – నమూనా తోట' అని బోర్డు. మీద ఆయన ఫొటో ఒక మూల. నీహారిక పేరు లేదు, మదార్‌బీ పేరు లేదు, పాపం ఆ బూజు ఫొటో అయినా లేదు. పైనుంచి పెద్ద సారు వచ్చి ఈ తోట చూస్తారని ఊరంతా చాటించాడు.

సరిగ్గా అప్పుడే జగ్గయ్యపేటలో కూతురు అఫ్రీన్‌కి నొప్పులొచ్చాయి. మదార్‌బీ వెళ్లక తప్పలేదు. ఆటో ఎక్కుతా మొగుడికి ఒకటే చెప్పింది. "పట్టీలు తడుపు. అంతే. నీ తెలివితేటలు ఇంకేం వాడమాక."

ఆవిడ అటు వెళ్లింది, కిషోర్‌బాబు ఇటు వచ్చాడు. రేపే సారు రాక. తోటంతా కలయజూసి మొహం చిట్లించాడు.

"ఏం సాయిబూ, చెట్లకి ఈ చింకి గోనెలేంటి?"

"అవేనండీ బూజు పట్టీలు" అన్నాడు అల్లాబక్ష్.

"బూజో గీజో! సారు వచ్చేటప్పటికి ఇలా మురికి పీలికలు వేలాడుతుంటే నా పరువేం కాను? తీయించెయ్."

పక్కనే ఉన్న నీహారిక నోరు తెరిచింది. "సార్, చూపించేదే అవి కదా సార్. అవి తీసేస్తే సారుకి ఏం చూపిస్తాం?"

"బోర్డుందిగా" అన్నాడు కిషోర్‌బాబు.

మీరే చెప్పండి, ఈ మాటకి ఏం చెయ్యాలి? బోర్డు మీద రాసుందట, ఇక చెట్టు మీద ఉండక్కర్లేదట! నీహారిక ఇంకో మాట అనబోయింది. "నీ కాంట్రాక్టు ఈ నెలాఖరుకేగా అయిపోయేది?" అని అడిగాడు ఆయన, ఎంతో మామూలుగా. ఆ పిల్ల తల దించుకుంది. గోనెలన్నీ కోసి కుప్పేసి తగలబెట్టారు.

అంతటితో అయిపోయిందా? లేదు. పెద్దవాళ్లొస్తుంటే మన దగ్గరో పద్ధతి ఉంది కదా. రోడ్డు పక్కన ముగ్గుగీతలు, చెట్ల మొదళ్లకి సున్నం, సున్నం మీద ఎర్రటి జాజు పట్టీ. కలెక్టరొచ్చినా అంతే, కప్పు గెలిచిన కబడ్డీ జట్టొచ్చినా అంతే. చెట్టుకి ఏం జబ్బో ఎవడికీ అక్కర్లేదు, తెల్లగా ఉందా లేదా అనే. "సున్నంలో కాస్త మైలుతుత్తం కలుపు సాయిబూ, చెట్టుకి బలం" అన్నాడు కిషోర్‌బాబు.

"మా ఆవిడ అవి వద్దందండీ" అని గొణిగాడు అల్లాబక్ష్.

"ఊళ్లో ప్రతి రైతూ పూసేదేగా? నువ్వు నాకు చెప్తావా? పేపర్లో నీ తోట పడుద్దయ్యా, నీ పనితనం సారు కళ్లారా చూస్తారు."

అదిగో, అక్కడ పడిపోయాడు మనిషి. నీ పనితనం అని ఒక ఆఫీసరు అనటం ఆయన జన్మలో విని ఉండడు. కుంచె తీశాడు. కన్నాలు మూసిన మట్టి మీద నుంచి కూడా చేయి అందినంత ఎత్తు సున్నం కొట్టాడు, పైన దారం పట్టి గీసినట్టు జాజు రంగు. నిజం చెప్పాలంటే చాలా అందంగా ఉంది. తోటంతా బడి పిల్లల్లా తెల్ల నిక్కర్లు తొడుక్కుని నిలబడింది.

మర్నాడు షామియానా వేశారు. బూందీ, బిస్కెట్లు, కూల్‌డ్రింకులు. మధ్యాహ్నం దాకా చూశారు. సారు పరిటాల దాకా వచ్చారట. అక్కడ హనుమంతుడి విగ్రహం దగ్గర దిగి దణ్ణం పెట్టుకుని, ఏదో ఫోనొస్తే అటునుంచి అటే వెనక్కి వెళ్లిపోయారట. బూందీ ఆఫీసు వాళ్లే తిని, షామియానా విప్పుకుని, చేతులు దులుపుకుని పోయారు.

అఫ్రీన్‌కి ఆడపిల్ల పుట్టింది. బిడ్డా తల్లీ కులాసాగా ఉన్నాక మదార్‌బీ తిరిగొచ్చింది. ఊళ్లో పంచటానికి మిఠాయి పొట్లం చేతిలో ఉంది. గేటు దగ్గర ఆటో దిగి చెట్టు వంక చూసింది, పొట్లం అలాగే కింద పడేసింది. అరికాలి మంట నెత్తికెక్కటం అంటారే, ఆ రోజు ఆవిణ్ణి చూసినవాళ్లకి ఆ మాట అర్థమైంది.

"ఎవడు చేశాడు ఈ పని?"

అల్లాబక్ష్ గేటు దాకా వచ్చాడు. "నేనే."

"పట్టీలేవి?"

"కాల్చేశారు."

"కాలుస్తుంటే నువ్వేం చేస్తున్నావయ్యా? చలి కాచుకుంటున్నావా? ప్రాణమున్న సరుకని ఆ పిల్ల చిలక్కి చెప్పినట్టు చెప్తే విన్నావు కదా! మెహరు ఇచ్చిన చేత్తోనే దాని గొంతు నులిమావు కదయ్యా! ఎవడో నీ పనితనం అన్నాడని!" ఆవిడ గొంతు వీధి చివరికి వినపడింది. అల్లాబక్ష్ గోకుడు రేకు తెచ్చుకుని, తను కొట్టిన సున్నం తనే గోకటం మొదలుపెట్టాడు. వేళ్లు చితికినా ఆపలేదు. అది చూసి ఆవిడకి ఇంకా ఒళ్లు మండింది, ఎందుకంటే ఇక తిట్టటానికి కూడా మనసొప్పలేదు.

నీహారిక వచ్చి కళ్లనీళ్లు పెట్టుకుంది. "నాదే తప్పమ్మా, నేను అడ్డం పడాల్సింది" అంది. "నువ్వు అడ్డంపడితే నిన్నూ తగలేసేవాళ్లు. ఏడుపాపి బూజు తే" అంది మదార్‌బీ. ఉన్న పొడి అయిపోయింది. నూకలు ఉడికించి సంచుల్లో పోసి కొత్తగా పెంచాలి, అది అన్నం వండినట్టు పూటలో అయ్యేది కాదు. ఆ బూజు పండి, కొత్త పట్టీలు కట్టేసరికి వానలు సగం వెళ్లిపోయాయి. పెంకుపురుగులు వాటి పని అవి కానిచ్చేశాయి. సున్నం అందని ఎత్తులో, పాత బెరడు ఎక్కువ పగిలిన చెట్టు చూసుకుని మరీ గుడ్లు పెట్టాయి. తోటలో అంత పాత చెట్టు జలాలు ఒక్కటే.

మరుసటి ఏడు పూత అంతంతమాత్రం. ఎండలు ముదిరేసరికి ఒక పక్క కొమ్మలన్నీ ఆకు ముడుచుకున్నాయి, తర్వాత రెండో పక్కా. పైకొమ్మల దగ్గర రంపప్పొట్టు దోసిళ్లకొద్దీ. కాంట్రాక్టు ఇంకో ఏడాది పొడిగించటంతో ఆఫీసులోనే ఉన్న నీహారిక నిచ్చెనెక్కి ఒక్కో కన్నంలో బూజునీళ్లు ఎక్కించింది, కానీ పురుగు అప్పటికే మాను నడిమికి దిగిపోయింది. ఆవకాయ కాయల కోసం వచ్చిన జనం చెట్టు వంక చూసి, సంచులు మడిచి చంకలో పెట్టుకుని వెళ్లిపోయారు.

మదార్‌బీ ఆఫీసుకెళ్లి అడిగింది. కిషోర్‌బాబు కుర్చీలో వెనక్కి వాలి, "ఈ బూజు పద్ధతులు మన ఎండలకి పనిచెయ్యవమ్మా. అందులోనూ మీరు సరిగ్గా పాటించి ఉండరు" అన్నాడు. పుండు మీద కారం చల్లటం అంటే ఇదే. చంపిందేమో ఆయన సున్నం, చెడ్డపేరేమో నోరులేని బూజుకి, తప్పేమో చెంబుతో నీళ్లు మోసిన మనిషిది! చుట్టుపక్కల రైతులు కూడా అదే మాట పట్టుకున్నారు. "బూజంట, బూజు! చూశాంగా సాయిబుల తోటలో" అని మళ్లీ దుకాణాల్లో ఘాటుమందు డబ్బాలు కొనుక్కున్నారు. మదార్‌బీకి చెట్టు పోతున్న బాధ ఒకెత్తు, ఈ అబద్ధం ఒకెత్తు.

ఇలా ఉండగా ఒకరోజు కిషోర్‌బాబు మళ్లీ ఊడిపడ్డాడు. ఈసారి సారు ఖాయంగా వస్తున్నారట. వెంట ఒక మనిషి, ఆ మనిషి చేతిలో రంపం మిషన్.

"ఆ ఎండిపోయిన చెట్టు కొట్టేయించాలి సాయిబూ. సరిగ్గా గేటు పక్కనే ఉంది. సారు కారు దిగగానే అదే కనపడుద్ది, ఏం బాగుంటది? మిగతా వాటికి మళ్లీ సున్నం లాగించు."

అల్లాబక్ష్ చేతిలో ఎవరింటికో బయల్దేరిన కుంచె ఉంది. దాన్ని పక్కన పెట్టాడు. అంత కోపం ఆయన మొహంలో ఊరు ఎప్పుడూ చూళ్లేదు.

"ఆ చెట్టు నాది కాదండీ, మా ఆవిడది. దాని మీద నాకే హక్కు లేదు, ఇక మీకెక్కడిది? సున్నం కావాలంటే మీ ఆఫీసుకి కొడతా, మీ ఇంటికి కొడతా. ఈ తోటలో మాత్రం కుంచె ముట్టను."

కిషోర్‌బాబు తెల్లబోయాడు. "నీ మంచికే చెప్తున్నా..." అని ఏదో అనబోతుంటే లోపల్నించి మదార్‌బీ కొడవలి పట్టుకుని వచ్చింది. గడ్డి కోస్తా ఉంది లెండి, ఇంకే ఉద్దేశం లేదు. కానీ రంపం మనిషి ఆ కొడవలి చూసి మిషన్ భుజానేసుకుని ముందే రోడ్డెక్కాడు.

"చెట్టు జోలికొస్తే బాగుండదు బాబూ" అంది. "ఎండిందో పండిందో, నా చెట్టు. సారు దిగగానే అదే కనపడాలి."

మర్నాడు సారు నిజంగానే వచ్చారు. చెడ్డాయనలా ఏం లేరు. సన్నగా, అలసిపోయి, కళ్లజోడు తుడుచుకుంటా కారు దిగారు. కిషోర్‌బాబు దండ వేసి, చెయ్యి పట్టుకున్నంత పనిచేసి పెద్దరసాల వైపు నడిపించబోయాడు. "ఇటు సార్, ఇటు పచ్చగా ఉంటుంది." ఆకుల్లేని అంత పెద్ద చెట్టు గేటు పక్కనే నిలబడి ఉంటే చూడకుండా ఎలా పోతారు? సారు ఆగిపోయారు.

"ఇదేంటి?"

"ముసలి చెట్టు సార్, వయసైపోయింది" అన్నాడు కిషోర్‌బాబు గబగబా.

మదార్‌బీ మధ్యలోకి వచ్చింది. ఎవరి అనుమతీ అడగలేదు. కొడవలి మొనతో ఎండిన బెరడు ఒక చెక్క లేపింది. లోపల వేలు పట్టేంత సొరంగం, నిండా పొట్టు. పొట్టులోంచి బొటనవేలంత పురుగు ఒకటి, తెల్లగా, కొవ్వెక్కి, మెల్లగా కదులుతా బయటికొచ్చింది. దాన్ని తీసి అరచేతిలో పెట్టుకుని సారు ముందు చాపింది. అల్లాబక్ష్ తల ఎత్తుకునే నిలబడ్డాడు.

సారు పురుగునీ చూశారు, పైన ఎండు కొమ్మల్నీ చూశారు. ఆయన గొంతులో నిజంగానే జాలి ఉంది.

"అయ్యో, ఎంత చెట్టమ్మా! ఎందుకు చచ్చిపోయింది?"

"మీరు వస్తున్నారనండి" అంది మదార్‌బీ.